చాట్‌బాట్ ఆదేశాల భాష: విశాఖ ఫిషింగ్ హార్బరు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

మనిషి ఒక నిర్ణీత మాటను పంపితే యంత్రం తన పట్టికలో వెదికి జవాబు చెప్పే పద్ధతికి చాట్‌బాట్ అని నేడు పేరు. ఈ పద్ధతి తెలుగువారికి చేరిన క్రమంలో జవాబు తెలుగులోకి వచ్చింది గాని, జవాబును రప్పించే ఆదేశం మాత్రం చాలాచోట్ల ఇంగ్లీషులోనే నిలిచిపోయింది. సముద్ర సమాచారం మీద ప్రాణాలు ఆధారపడే విశాఖపట్నం ఫిషింగ్ హార్బరును ఆధారంగా తీసుకొని, రేవు ప్రమాద సూచికల నుంచి వాట్సాప్ పాలన వరకు ఈ ఆదేశ–ప్రత్యుత్తర చరిత్రను, తెలుగు ఆదేశానికి ఎదురయ్యే లిపి, వ్యాకరణ సమస్యలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: చాట్‌బాట్, ఆదేశం, చానెల్, ప్రమాద సూచిక, విధ్యర్థకం, ఉత్తరాంధ్ర మాండలికం, మత్స్యకారులు.

1. ఉపోద్ఘాతం:

విశాఖ పాతనగరాన్ని ఆనుకొని 1976లో ఏర్పడిన ఫిషింగ్ హార్బరు మరబోట్లకు, ఫైబర్ పడవలకు ఆశ్రయం. ఇక్కడ వేటనే బతుకుగా చేసుకున్నవారిలో వాడబలిజలు, జాలారులు ప్రధానమైనవారు. బోటు బయలుదేరే ముందు సరంగుకు కావలసిన సమాచారం కొద్దిపాటిదే: గాలి ఎంత, అల ఎంత, చేప ఎటువైపు, హెచ్చరిక ఏదైనా ఉందా. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పే వ్యవస్థలు నూరేళ్లకు పైగా మారుతూ వచ్చాయి. ఆ మార్పును సాంకేతిక ప్రగతిగా చెప్పిన రచనలు ఉన్నాయి. భాషాచరిత్రగా చూడటం ఇక్కడి ఉద్దేశం. ప్రశ్న ఎవరి మాటలో అడగాలి, ఆ మాటను ఎవరు నిర్ణయిస్తారు అన్నదే ఈ పరిశీలనకు కేంద్రం.

2. స్తంభం మీది పట్టిక:

ఆదేశానికి జవాబు చెప్పే ప్రతి యంత్రం లోపలా ఒక పట్టిక ఉంటుంది. ఎడమ గడిలో గుర్తు, కుడి గడిలో అర్థం. ఈ దృష్టితో చూస్తే మన రేవుల్లోని తుఫాను సూచికలే తొలి పట్టిక. దేశంలోని రేవులన్నింటికీ ఒకే విధమైన సూచికల పద్ధతి 1898లో అమలులోకి వచ్చింది. పగలు స్తంభం మీద శంకువు, స్థూపం ఆకారాలను ఎగురవేస్తారు. రాత్రి ఎరుపు, తెలుపు దీపాలను పెడతారు. మొదటి రెండు సూచికలు దూరాన ఏర్పడిన వాతావరణాన్ని తెలుపుతాయి. మూడు, నాలుగు ఆ రేవుకే సంబంధించినవి. ఐదు నుంచి ఏడు వరకు ప్రమాదం, ఎనిమిది నుంచి పది వరకు మహా ప్రమాదం.

పదకొండోది విలక్షణమైనది. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, దుర్వాతావరణ ప్రమాదం ఉందని స్థానికాధికారి భావిస్తున్నాడని దాని అర్థం. తన వైఫల్యానికి కూడా ఒక అంకె కేటాయించుకున్న పట్టిక ఇది. దీని ప్రసక్తి మళ్లీ వస్తుంది.

ఈ పట్టిక మత్స్యకారుల నోట తెలుగైంది. భారత వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం 1974లో విశాఖపట్నంలో ఏర్పడ్డాక, భీమునిపట్నం, కళింగపట్నం, కాకినాడ రేవుల పేర్లతో కలిసి ‘మూడో నంబరు ప్రమాద సూచిక’ అన్న పదబంధం రేడియో ద్వారా, పత్రికల ద్వారా ఇంటింటి మాట అయింది. అంకెకు లిపి అడ్డం రాలేదు. చదువు రానివారికి సైతం మూడుకూ పదికీ గల తేడా స్పష్టం. అయితే స్తంభం చెబుతుందే గాని వినదు. ‘రేపటికి ఎలా ఉంటుంది?’ అని దానిని అడిగే వీలు లేదు.

3. ‘చానెల్’ అనే మాట:

అడిగే వీలు రేడియోతో వచ్చింది. హార్బరులో ‘చానెల్’ అంటే నౌకలు లోపలికి వచ్చే లోతైన దారి. బోటు మీది వీహెచ్‌ఎఫ్ రేడియోలో చానెల్ అంటే ఒక నిర్ణీత పౌనఃపున్యం. 156.8 మెగాహెర్ట్జ్ మీద నడిచే 16వ చానెల్ ప్రపంచమంతటా ఆపద పిలుపుకు, తొలి పలకరింపుకు కేటాయించినది. ఈ చానెల్‌లో మాట్లాడేందుకు ఒక క్రమం ఉంది. ముందు ఎవరిని పిలుస్తున్నామో వారి పేరు, తరువాత పిలిచేవారి పేరు, అవతలివారు పలికాక వేరే చానెల్‌కు మారి సంభాషణ. ఆపదలో ‘మేడే’ అని మూడుసార్లు పలకాలి. అందరూ వినే చోట ఎవరి మాట ఎవరికి ఉద్దేశించినదో తెలియడానికి ముందుమాటకు ఒక నిర్ణీత రూపం తప్పదన్న ఎరుక ఈ క్రమంలో ఉంది.

కంప్యూటర్ల సంభాషణలోనూ ఇదే సమస్య, ఇదే పరిష్కారం. ఫిన్లాండులోని ఔలులో 1988లో యార్కో ఓయికారినెన్ రూపొందించిన ఇంటర్నెట్ రిలే చాట్‌లో సంభాషణ స్థలాలకు ‘చానెల్’ అనే పేరే పెట్టారు. ఒక చానెల్‌లో చేరినవారంతా ఒకరి మాట ఒకరు చూస్తారు. వారి మధ్య ఒక ప్రోగ్రాం కూడా సభ్యుడిలా కూర్చొని మాటలను గమనిస్తూ ఉంటే అది బాట్. రోబే పాయింటర్ 1993 డిసెంబరులో ఒక చానెల్ రక్షణ కోసం రాసిన ‘ఎగ్‌డ్రాప్’ ఈ కోవలో చిరకాలం నిలిచింది. దానికి కొత్త పనులు నేర్పాలంటే టికిల్ భాషలో చిన్న స్క్రిప్టు రాస్తే చాలు.

ఆ స్క్రిప్టు చేసే పనిని తెలుగు విద్యార్థికి ఇలా చెప్పవచ్చు. చానెల్‌లోకి ఒక వాక్యం వస్తుంది. దాని మొదటి గుర్తు ఆశ్చర్యార్థకమా అని బాట్ చూస్తుంది. కాకపోతే అది మనుషుల మధ్య మాట, తనకు సంబంధం లేదు. అయితే వాక్యాన్ని ఖాళీల దగ్గర ముక్కలు చేస్తుంది. మొదటి ముక్క ఆదేశం, మిగిలినవి దాని విషయాలు. ఆదేశాన్ని పట్టికలో వెదికి, ఎదురుగా రాసి ఉన్న పనిని చేసి, ఫలితాన్ని చానెల్‌లో పలుకుతుంది. ఈ మధ్యలో సర్వరు అప్పుడప్పుడు ‘ఉన్నావా?’ అన్నట్లు ‘పింగ్’ పంపుతుంది. ‘పాంగ్’ అని బదులివ్వని సభ్యుణ్ణి వెళ్లిపోయినట్లుగా భావించి తొలగిస్తుంది. రెండు బాట్లు ఒకదాని జవాబుకు మరొకటి జవాబు చెబుతూ అంతులేని వాగ్వాదంలో పడకుండా, ‘నోటీస్’ అనే తరహా సందేశానికి స్వయంచాలకంగా ప్రత్యుత్తరం ఇవ్వకూడదని 1993 మే నాటి ప్రమాణపత్రం శాసించింది. (మన పండిత వాదోపవాదాలకు కూడా ఇటువంటి నియమం ఒకటి ఉండవలసిందనిపిస్తుంది.)

దీనికి ముందే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జోసెఫ్ వైజెన్‌బామ్ రూపొందించి 1966లో ప్రకటించిన ‘ఎలైజా’ ఉంది. ఆ ప్రోగ్రాం మామూలు వాక్యంలో కీలకపదాన్ని పట్టుకొని అర్థమైనట్లు భ్రమ కలిగిస్తుంది. ఆదేశాల బాట్ ఆ భ్రమను వదులుకుంది. పట్టికలో లేని మాటకు మౌనమో, ‘తెలియదు’ అనే జవాబో ఇస్తుంది. ఫిషింగ్ హార్బరు వంటి చోట ఈ నిజాయితీయే దాని విలువ అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

4. డెబ్బై అక్షరాల తెలుగు:

సముద్ర సమాచారాన్ని శాస్త్రీయంగా అందించే బాధ్యత 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రానిది. ఇన్‌కాయిస్ అనే పొట్టిపేరే వాడుకలో ఉంది. ఉపగ్రహాలు నమోదు చేసిన సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరిత పరిమాణాన్ని కలిపి చూసి, చేపలు గుమిగూడే అవకాశమున్న ప్రాంతాలను ఈ సంస్థ గుర్తిస్తుంది. ఒక్కొక్క చేపల రేవు నుంచి ఏ దిశలో, ఎన్ని డిగ్రీల కోణంలో, ఎన్ని కిలోమీటర్ల దూరంలో, ఎన్ని మీటర్ల లోతులో వేటకు వెళ్లవచ్చో అక్షాంశ రేఖాంశాలతో సహా ప్రాంతీయ భాషల్లో తెలియజేస్తుంది. మబ్బులు కమ్మితే ఉపగ్రహానికి చూపు ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలంలో ఈ సూచనలు వెలువడవు.

ఇంత సమాచారాన్ని చేతిఫోనుకు పంపే తొలి సాధనం సంక్షిప్త సందేశం. ఒక సందేశంలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు లిపిలో అయితే 70 మాత్రమే. ఆ డెబ్బై కూడా మనం లెక్కించే అక్షరాలు కావు. ‘మత్స్యకారులకు’ అన్న మాటలో మనకు కనిపించేవి ఆరు అక్షరాలు. హల్లు, పొల్లు, గుణింతపు గుర్తు వేర్వేరుగా లెక్కపెట్టే యంత్రానికి అవి పదమూడు. అంటే ఒక్క సంబోధనతోనే సందేశంలో అయిదో వంతు గడిచిపోతుంది. చాట్ చానెల్‌లోనూ ఇదే తంతు. సందేశపు గరిష్ఠ పరిమాణం 512 బైట్లు. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు ఖర్చవుతాయి. తెలుగు సందేశాలు పొడి అక్షరాల్లోకి, అంకెల్లోకి కుదించుకుపోవడానికి రచయితల అలసత్వం కంటే ఈ కొలతే పెద్ద కారణం.

ఆ కాలపు ప్రవాసాంధ్రులు ఎంచుకున్న దారి రోమన్ లిపి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి అంతర్జాల తెలుగుకు ఊపిరి పోసింది. అందులో లకార ళకారాల భేదం చిన్నబడి, పెద్దబడి అక్షరాల భేదం మీద ఆధారపడి ఉంటుంది. బాట్ స్క్రిప్టులు అనేకం ఆదేశాన్ని పోల్చే ముందు ఈ భేదాన్ని తుడిచివేస్తాయి. అప్పుడు కల, కళ ఒకటైపోతాయి. మనిషికి ఉపకరించిన ఒక తెలివైన ఉపాయం యంత్రం ముందు నిష్ఫలమైంది.

5. ఆదేశానికి లిపి:

చేతిఫోన్లలో తెలుగు కనిపించడం, టైపు చేయడం సులువయ్యాక ఈ సమస్య తీరిందనుకోవడం సహజం. కాని అది జవాబు విషయంలోనే తీరింది. టెలిగ్రామ్ సంస్థ 2015 జూన్‌లో బాట్లకు ద్వారం తెరిచింది. అందులో ఆదేశం ఏటవాలు గీతతో మొదలవుతుంది. ఆ గీత తరువాత ఇంగ్లీషు చిన్నబడి అక్షరాలు, అంకెలు, అడుగుగీత మాత్రమే ఉండాలి. మొత్తం 32 గుర్తులకు మించరాదు. బాట్ తెలుగులో ఎంత పొడుగైనా మాట్లాడవచ్చు. దానికి తెలుగులో ఆదేశం నమోదు చేయడం మాత్రం కుదరదు.

డిస్కార్డ్ నియమం మరీ విచిత్రం. అందులో ఆదేశం పేరుకు ఏ భాష అక్షరమైనా వాడవచ్చు. అయితే యూనికోడ్ లెక్కలో ‘అక్షరం’ అంటే అచ్చులు, హల్లులే. గుణింతపు గుర్తులు, పొల్లు అక్షరాలుగా గాక ‘చిహ్నాలు’గా వర్గీకరింపబడ్డాయి. ఈ చిక్కు తెలిసి, దేవనాగరి, థాయ్ లిపులను పూర్తిగా అనుమతిస్తూ నియమంలో ప్రత్యేకంగా చేర్చారు. తెలుగును చేర్చలేదు. ఫలితంగా ‘వల’, ‘పడవ’, ‘అల’ ఆదేశాలుగా చెల్లుతాయి. ‘గాలి’, ‘చేప’, ‘వేట’ చెల్లవు. హిందీ ‘హవా’కు ఉన్న ప్రవేశం తెలుగు ‘గాలి’కి లేదు. ఇందులో కుట్ర ఏమీ లేదు. ఆ నియమం రాసినవారి ముందు తెలుగులో ఆదేశం ఇవ్వాలని అడిగినవారు లేరు, అంతే. అయితే దీని మీద మాట్లాడవలసినవారు కంప్యూటరు నిపుణులేనని తెలుగు శాఖలు ఊరకుండటం సమంజసం కాదు. గుణింతం అక్షరంలో భాగమా, అదనపు చిహ్నమా అన్నది మన వ్యాకరణశాస్త్రపు ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 అక్టోబరు 22న మెటా సంస్థతో ఒప్పందం చేసుకొని, 2025 జనవరి 30న ‘మన మిత్ర’ వాట్సాప్ పాలనను ప్రారంభించింది. తొలి విడతలో 161 సేవలు ఉన్నాయి. కార్యాలయాల చుట్టూ తిరిగే పనిని తగ్గించే ప్రయత్నంగా ఇది గణనీయమైనది. తెలుగు ఎంచుకునే వీలూ ఉంది. దీని వాడుకను ప్రజలకు వివరించినప్పుడు మొదట చెప్పిన మెట్టు, ఆ నంబరుకు ‘హాయ్’ అని పంపడం. పేరు మన మిత్ర, పలకరింపు హాయ్. తొలి రూపంలో ఆ తరువాతంతా జాబితాల నుంచి ఎంచుకోవడమే. ఎంపికల పద్ధతిలో టైపింగు శ్రమ లేదు, అక్షరదోషాల బాధ లేదు. కాని జాబితాలో లేని ప్రశ్నను అడిగే చోటు కూడా లేదు. సేవల పేర్లు శాఖల పేర్లను అనుసరించి ఉంటాయి. నిషేధకాలపు 20 వేల రూపాయల సాయం కోసం వెదికే మత్స్యకారుడు దానిని ‘బాన్ డబ్బులు’ అంటాడా, పథకం పేరుతో పిలుస్తాడా అన్నది జాబితా రాసినవారు ముందే ఆలోచించవలసిన విషయం.

6. తెలుగు ఆదేశపు వ్యాకరణం:

లిపి అడ్డు తొలగినా వ్యాకరణం మిగులుతుంది. ఫిషింగ్ హార్బరు మత్స్యకారుల కోసం తెలుగులో ఆదేశాలను స్వీకరించే బాట్‌కు స్క్రిప్టు రాయవలసి వస్తే ఎదురయ్యే సమస్యలను ఇక్కడ కొంత విస్తరించి చూడాలి.

మొదటిది పదవిభజన. ఖాళీ దగ్గర ముక్కలు చేయడం అన్న సూత్రం ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగులో ‘గాలి ఎలా ఉంది’ అని విడదీసి రాసేవారు ఉన్నట్లే, ‘గాలెలా ఉంది’ అని పలికినట్లు రాసేవారూ ఉన్నారు. ఉత్తరాంధ్ర పలుకులో అది ‘గాలెలాగుంది’ కావచ్చు. మొదటి ముక్కను ‘గాలి’తో పోల్చే స్క్రిప్టుకు ‘గాలెలా’ తెలియని మాట. విభక్తి చేరితే ‘గాలికి’, బహువచనమైతే ‘గాలులు’. తెలుగు పదం వాక్యంలోకి రాగానే రూపం మార్చుకుంటుంది. కనుక పట్టికలోని ఎడమ గడిలో ఒక్క మాట గాక, దాని సంధిరూపాలు, విభక్తి రూపాలు కలిసి ఉండాలి. లేదా మాట మొదటి భాగాన్ని మాత్రమే పోల్చాలి. రెండో పద్ధతిలో ‘గాల’ అని మొదలయ్యే ‘గాలం’ కూడా గాలిగా చెల్లిపోయే ముప్పు ఉంది. సముద్రం మీద గాలం తక్కువ వాడుక మాటేమీ కాదు.

రెండోది విధ్యర్థకం. ఇంగ్లీషులో ఆదేశానికి గౌరవభేదం లేదు. తెలుగులో చెప్పు, చెప్పండి అనే రెండు రూపాల్లో ఒకదాన్ని ఎంచుకోకుండా ఆజ్ఞాపించలేం. బాలవ్యాకరణం విధ్యర్థక ప్రత్యయాలను చెప్పినప్పుడు ఎదుట ఉన్నది మనిషి. ఎదుట యంత్రం ఉన్నప్పుడు దానిని నువ్వనాలా, మీరనాలా? పైగా ఉత్తరాంధ్రలో ‘చెప్పు’ తరచు ‘సెప్పు’ అవుతుంది, ‘చేప’ ‘సేప’ అవుతుంది. ఈ చిక్కుల నుంచి బయటపడే దారి జాలర్ల వాడుకలోనే ఉంది. పనిలో ఉన్న మనిషి క్రియను వదిలి నామవాచకంతో అడుగుతాడు. ‘గాలేటి?’ అంటే చాలు. తెలుగు బాట్‌కు ఆదేశాలు క్రియలుగా కాక నామవాచకాలుగా ఉండటమే సహజమని నా అభిప్రాయం. గాలి, అల, చేప, సూచిక అన్న నాలుగు మాటలతో ఉపోద్ఘాతంలో చెప్పిన నాలుగు ప్రశ్నలూ తీరుతాయి.

జవాబులోనూ విధి రూపం ఆలోచించదగినదే. ‘మత్స్యకారులు వేటకు వెళ్లరాదు’ అన్నది ప్రకటనల భాష. ‘రాదు’ అని నిషేధించే కర్త ఎవరో ఆ వాక్యంలో లేడు. ‘వెళ్లకండి’ అన్నప్పుడు చెప్పేవాడు, వినేవాడు ఇద్దరూ ఉంటారు. ప్రాణాపాయపు మాట రెండో రూపంలో చెప్పినప్పుడే చెవికెక్కుతుంది.

మూడోది పర్యాయపదాల విషయం. సీర్ చేపను విశాఖలో కోనెం అనీ, కోనాం అనీ అంటారు. మరోచోట వంజరం. ఒకే చేపకు మూడు ఆదేశాలు అవసరం. దీనికి విరుద్ధమైనది మరింత ప్రమాదకరం: ట్యూనా సూర, షార్క్ సొర. మాత్రాభేదం, అచ్చుభేదం తప్ప తేడా లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసే అలవాటున్నవారు ఈ రెంటినీ దాదాపు ఒకే విధంగా రాస్తారు. అక్షరదోషాన్ని తానే సవరించుకొని దగ్గరి మాటకు జవాబు చెప్పే ‘తెలివైన’ స్క్రిప్టు ఇక్కడ పొరబడుతుంది. వేలంపాటలో సూర ధర అడిగినవాడికి సొర ధర చెబితే నష్టం డబ్బు రూపంలో కనిపిస్తుంది. ఇటువంటి చోట బాట్ ఊహించకుండా ‘సూరా, సొరా?’ అని ఎదురు ప్రశ్నించాలి.

కొలతలదీ ఇదే తీరు. ఇన్‌కాయిస్ సూచనలో లోతు మీటర్లలో ఉంటుంది. తాడు వదిలి లోతు చూసే అలవాటులో లెక్క బారల్లో. బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, సుమారు ఆరు అడుగులు. నలభై మీటర్ల లోతు దాదాపు ఇరవైరెండు బారలు. మీటరును బారలోకి మార్చడం స్క్రిప్టులో ఒక్క పంక్తి పని. ఆ పంక్తి రాయాలంటే రాసేవారికి బార అనే మాట తెలిసి ఉండాలి.

మామూలు వాక్యాలను, మాటలను కూడా గ్రహించే నేటి భాషానమూనాలు ఈ బాధలన్నింటినీ తీర్చివేస్తాయన్న వాదం ఉంది. మాండలికం విషయంలో అవి పట్టికల కంటే మెరుగే. అయితే వాటి జవాబు ఎప్పుడూ నిండైన వాక్యంగానే ఉంటుంది, తెలిసినా తెలియకపోయినా. ప్రశ్నను అర్థం చేసుకోవడం వరకు వాటిని వినియోగించి, జవాబును మాత్రం తుఫాను హెచ్చరికల కేంద్రం, ఇన్‌కాయిస్ ప్రకటించిన పట్టిక నుంచి యథాతథంగా ఇప్పించడమే ఉచితమని తోస్తుంది.

7. జవాబు రాని చోట:

ఫోను సంకేతం తీరం నుంచి కొద్ది దూరం వరకే అందుతుంది. చేపల సూచన చెప్పే తావులు తరచు ఆ పరిధికి ఆవల ఉంటాయి. సమాచారం అత్యవసరమైన చోట బాట్ మూగది. ఈ లోటును తీర్చడానికి ఇన్‌కాయిస్, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి ఉపగ్రహం ద్వారా సందేశాలు అందించే ‘జెమిని’ పరికరాన్ని 2019 అక్టోబరులో విడుదల చేశాయి. అది బోటు మీది ఫోనుకు హెచ్చరికను చేరవేస్తుంది, బోటు నుంచి ప్రశ్నను మాత్రం తీసుకువెళ్లదు. ఒక విధంగా అది ఉపగ్రహానికి ఎక్కిన సూచికల స్తంభం.

తీరం మీద కూడా సంకేతం ఉంటుందన్న భరోసా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో విశాఖను తాకినప్పుడు విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు కుప్పకూలాయి. అటువంటి రోజున ఆదేశం పంపినవాడికి దక్కేది నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దానికి అర్థం ‘హెచ్చరిక లేదు’ అనా, ‘హెచ్చరిక చేరలేదు’ అనా? తెరను చూసి చెప్పడం సాధ్యం కాదు. 1898 నాటి పట్టికలో దీనికి ఒక గడి ఉంది. అదే పదకొండో నంబరు సూచిక. బాట్ల స్క్రిప్టుల్లో సర్వరుకు పాంగ్ చెప్పే పంక్తి తప్పక ఉంటుంది. తాను అందుబాటులో లేనప్పుడు అవతలి మనిషి ఏమనుకోవాలో చెప్పే పంక్తి సాధారణంగా ఉండదు.

యంత్రం తెగిపోయాక మాట్లాడలేదు. కనుక ఆ పంక్తి తెగకముందే పలకాలి. హార్బరు బాట్‌లో ‘వేట’ అనే అయిదో ఆదేశం ఒకటి ఉండి, బోటు జెట్టీ వదిలే ముందు దానిని పంపితే, గాలి, అల, చేప, సూచిక నాలుగింటినీ ఒకేసారి చెప్పి, ఆ జవాబు ఏ రోజు ఏ గంటకు తయారైనదో, ఎప్పటివరకు చెల్లుతుందో తెలుపుతూ, చివర ఇలా రాయవచ్చు: ‘ఈ గంట దాటాక మా నుంచి మాట రాకపోతే సముద్రం బాగుందని అనుకోకండి. 16వ చానెల్‌లో అడగండి.’